‘వాడు నాకంటే పొడుగు’: మనుషుల రూపురేఖల్ని ఇంగ్లిష్‌లో తప్పుల్లేకుండా పోల్చి రాయడానికి సమగ్ర మార్గదర్శి

మా చెల్లెలి కొడుక్కి ఐర్లాండ్‌లో ఎమ్మెస్ సీటు వచ్చి, బయల్దేరబోతున్న రోజులవి. డబ్లిన్ ఎయిర్‌పోర్టుకి ఇంటి ఓనరే వచ్చి వీణ్ణీ, వీడి రూమ్మేట్‌నీ కారులో తీసుకెళ్తానన్నాడు. మీరిద్దరూ చూడ్డానికి ఎలా ఉంటారో రాయండి, గుర్తుపట్టడం తేలికవుతుంది అని మెయిల్ పెట్టాడు. మావాడు జవాబు టైప్ చేసి, సెండ్ నొక్కేముందు ఫోన్ నా చేతికిచ్చాడు. “పెద్దమ్మా, ఒక్కసారి చూడవా. తప్పులున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది” అన్నాడు.

మెయిల్లో ఉన్నవి ఐదే వాక్యాలు. ‘మై ఫ్రెండ్ ఈజ్ మోర్ హైట్ దాన్ మీ. హీ ఈజ్ లిటిల్ కలర్ దాన్ మీ. హిజ్ హెయిర్ ఈజ్ లాంగర్ దాన్ మీ. హీ ఈజ్ హ్యావింగ్ గుడ్ పర్సనాలిటీ. ఐ యామ్ లుకింగ్ సేమ్ లైక్ ఇన్ ఫోటో.’

తెలుగువాళ్ళెవరు చదివినా ఇట్టే అర్థమైపోతుంది. స్నేహితుడు కాస్త హైటు, కొంచెం కలర్ ఎక్కువ, జుట్టు పెంచాడు, మంచి పర్సనాలిటీ. కానీ ఆ ఓనరుకి వీటిలో రెండు వాక్యాలు అసలు అర్థం కావు, ఒకటి వేరే అర్థంలో వెళ్తుంది. ఏళ్ళ తరబడి ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నదాన్ని, ఈ ఐదు తప్పులే మళ్ళీ మళ్ళీ చూస్తుంటాను. పెళ్ళి ప్రొఫైళ్ళలో, ఐఈఎల్‌టీఎస్ ఉత్తరాల్లో, కథల్లో కూడా. తెలివి తక్కువై చేసే తప్పులు కావివి. తెలుగులో చక్కగా కుదిరిన వాక్యాన్ని యథాతథంగా ఇంగ్లిష్‌లోకి మోసుకెళ్తే వచ్చేవి. ఆ సాయంత్రం మేమిద్దరం కూర్చుని వాటిని ఎలా సరిచేశామో, అదే వరసలో చెబుతాను. ఇంగ్లిష్ వాక్యాల్ని పైకి చదువుతూ పక్కన కాగితం మీద ఇంగ్లిష్‌లో రాసుకోండి. చేత్తో రాస్తే తప్పు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది.

మొదటి మెట్టు: తెలుగు వాక్యాన్ని విప్పి చూడండి

‘వాడు నాకంటే పొడుగు.’ ఇందులో పోలిక బరువంతా ‘కంటే’ అనే ఒక్క ముక్కే మోస్తోంది. వాడు పొడుగు, వాడు నాకంటే పొడుగు, వాడు అందరికంటే పొడుగు. మూడుచోట్లా ‘పొడుగు’ అలాగే ఉంది, రవ్వంత కూడా మారలేదు. ఇంగ్లిష్‌లో పోలికకు రెండు గుర్తులు కావాలి. గుణం చెప్పే మాట మారాలి, అంటే ‘టాల్’ కాస్తా ‘టాలర్’ కావాలి. ఆ తర్వాత ‘దాన్’ రావాలి. మనకి ఒక గుర్తుతో సరిపెట్టుకోవడం అలవాటు. అందుకే ‘హీ ఈజ్ టాల్ దాన్ మీ’ అని ఒకటి వదిలేస్తాం. లేదంటే భయం కొద్దీ ‘మోర్ టాలర్’ అని అదనంగా ఒకటి తగిలిస్తాం.

కాబట్టి ఇంగ్లిష్ జోలికి వెళ్ళేముందు కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఎవరిని లేదా దేన్ని పోలుస్తున్నాను? ఎవరితో లేదా దేనితో? ఏ విషయంలో? తర్వాత మీ తెలుగు వాక్యంలో ఏ ముక్క ఉందో చూడండి. ‘కంటే’ ఉంటే తేడా చెబుతున్నారు. ‘అంత’ ఉంటే సమానమంటున్నారు. ‘లా’ గానీ, ‘పోలిక’ గానీ ఉంటే ఒకరు ఇంకొకర్ని గుర్తు చేస్తున్నారని చెబుతున్నారు. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ మూడు వేర్వేరు దారులు.

నాలుగో ప్రశ్న కూడా ఒకటుంది, అది వ్యాకరణానిది కాదు. నేను ఎవరితో పోలుస్తున్నానో వాళ్ళని చదివేవాళ్ళు ఎప్పుడైనా చూశారా? మావాడి మెయిల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. స్నేహితుడు ‘నాకంటే’ పొడుగు అంటున్నాడు, కానీ ఆ ఓనరు వీణ్ణి కూడా చూడలేదు. ‘మహేష్ బాబులా ఉంటాడు’ అని రాస్తే మనకి మొహం కళ్ళముందు మెదులుతుంది, డబ్లిన్‌లో ఉన్నాయనకి మెదలదు. పోలిక రాసేముందు చదివేవాళ్ళకి తెలిసిన కొలత ఒకటి ఇవ్వాలి: సెంటీమీటర్లో, చొక్కా రంగో, భుజాల దాకా జుట్టో. ఆ కొలత మీద పోలిక కట్టాలి.

రెండో మెట్టు: ‘కంటే’ వాక్యాలు

‘మోర్ హైట్ దాన్ మీ’ ఎందుకు వచ్చిందో చూడండి. హైటు, వెయిటు, కలరు, గ్లామరు, పర్సనాలిటీ అనే ఇంగ్లిష్ మాటలు మన నోట్లో వేరే పని చేస్తున్నాయి. ‘వాడు మంచి హైటు’, ‘అమ్మాయి మంచి కలర్’ అంటాం. ఇంగ్లిష్‌లో ఇవన్నీ వస్తువుల పేర్ల లాంటివి, మనిషి గుణాన్ని నేరుగా చెప్పవు. మనిషి ‘హైట్’ కాడు, ‘టాల్’ అవుతాడు. ‘వెయిట్’ కాడు, ‘హెవీ’ అవుతాడు. ‘గ్లామర్’ కాదు, ‘గ్లామరస్’. కాబట్టి ‘హీ ఈజ్ టాలర్ దాన్ మీ’.

పర్సనాలిటీ గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మనం మంచి పర్సనాలిటీ అంటే ఎత్తు, ఛాతీ, భుజాలు, నిండైన విగ్రహం. ఇంగ్లిష్‌లో ఆ మాటకి అర్థం స్వభావం. మావాడి వాక్యాన్ని ఓనరు ‘మంచి మనసున్నవాడు’ అనుకుంటాడు, ఎయిర్‌పోర్టులో దానితో గుర్తుపట్టేదేముంది? అక్కడ రాయాల్సింది ‘హీ ఈజ్ వెల్ బిల్ట్’, లేదా పోల్చాలంటే ‘హీ ఈజ్ మోర్ మస్క్యులర్ దాన్ మీ’. పైగా ‘ఈజ్ హ్యావింగ్’ అక్కర్లేదు, మనిషికి ఎప్పుడూ ఉండే లక్షణానికి ‘హాజ్’ చాలు.

ఇక మాటని మార్చే పద్ధతి. ఒక్క ఊపిరిలో పలికే చిన్న మాటలకి చివర ‘ఇ ఆర్’ చేరుతుంది: టాలర్, షార్టర్, ఫెయిరర్, డార్కర్. ఒకే అచ్చు, దాని వెనక ఒకే హల్లు ఉండి మాట ముగిస్తే ఆ హల్లుని రెండుసార్లు రాయాలి. ‘థిన్నర్’లో రెండు ఎన్‌లు, ‘స్లిమ్మర్’లో రెండు ఎమ్‌లు, ‘బిగ్గర్’లో రెండు జిలు, ‘ఫ్యాటర్’లో రెండు టిలు. ‘ఫెయిర్’లో రెండు అచ్చులున్నాయి కాబట్టి దానికి ఈ గొడవ లేదు. ‘వై’తో ముగిసే ప్రెటీ, కర్లీ, స్కిన్నీ లాంటివాటిలో ‘వై’ తీసేసి ‘ఐ’ పెట్టి ‘ఇ ఆర్’ చేర్చాలి. బ్యూటిఫుల్, అట్రాక్టివ్ లాంటి పొడుగు మాటల ముందు ‘మోర్’ వస్తుంది, హ్యాండ్సమ్‌కి కూడా అదే వాడుక. టయర్డ్, ట్యాన్డ్ లాంటివి చిన్నవే అయినా చివర ‘ఇ డి’ ఉంది కాబట్టి ‘మోర్ టయర్డ్’ అనాలి. ‘గుడ్ లుకింగ్’కి నేను పిల్లలకి చెప్పేది ‘బెటర్ లుకింగ్’.

‘మోర్ టాలర్’ మాత్రం వద్దు. షేక్‌స్పియర్ కాలంలో పెద్ద పెద్ద రచయితలే ఇలా రెండేసి గుర్తులు పెట్టి రాసేవారు, అప్పట్లో అది తప్పు కాదు. ఈ రోజుల్లో రాస్తే తప్పుగానే చూస్తారు. తేడా చాలా ఎక్కువని చెప్పాలనుకుంటే ‘మచ్ టాలర్’ లేదా ‘ఫార్ టాలర్’ అనాలి, ‘వెరీ టాలర్’ అనకూడదు. కొంచెమే అయితే ‘ఎ లిటిల్ టాలర్’, ‘స్లైట్లీ టాలర్’. ఆ ముందున్న ‘ఎ’ని వదిలేయొద్దు. వదిలితే ‘కొంచెం’ అన్న అర్థం పోతుంది.

స్పెల్లింగులో ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. పోలికకి వాడే ‘దాన్’లో ‘ఎ’ ఉంటుంది, ‘అప్పుడు, తర్వాత’ అనే అర్థమున్న ‘దెన్’లో ‘ఇ’ ఉంటుంది. పాత ఇంగ్లిష్‌లో రెండూ ఒకే మాట, 1700 ప్రాంతానికి గానీ స్పెల్లింగులు స్థిరంగా విడిపోలేదు. అందుకే ఇంగ్లిష్ వాళ్ళు కూడా ఇక్కడ తడబడుతుంటారు. ఫోన్ ఆటోకరెక్ట్ దీన్ని పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే రెండూ సరైన మాటలే.

‘దాన్ మీ’నా, ‘దాన్ ఐ’నా అని చాలామంది అడుగుతారు. మామూలు ఉత్తరంలో ‘దాన్ మీ’ హాయిగా రాయండి. పరీక్షలోనో, ఆఫీసు రాతలోనో అనుమానంగా ఉంటే ‘దాన్ ఐ యామ్’ అని పూర్తిగా రాసేస్తే ఎవరూ వంక పెట్టలేరు. ఒంటరిగా ‘దాన్ ఐ’ అని ఆపేయడం వ్యాకరణానికి సరే గానీ, ఇప్పటి చెవికి బిగుసుకున్నట్టు వినిపిస్తుంది.

మూడో మెట్టు: జుట్టుని జుట్టుతోనే పోల్చాలి

చదువుకున్నవాళ్ళు, ఇంగ్లిష్ మీడియం వాళ్ళు కూడా పడిపోయే గొయ్యి ఇది. ‘హిజ్ హెయిర్ ఈజ్ లాంగర్ దాన్ మీ.’ తెలుగులో ‘వాడి జుట్టు నాకంటే పొడుగు’ అంటే ఎవరికీ అనుమానం రాదు. నా జుట్టు కంటే అని వినేవాళ్ళు తామే సర్దుకుంటారు. ఇంగ్లిష్ రాతలో మాత్రం ఉన్నది ఉన్నట్టు చదువుతారు. ఒక పక్క వాడి జుట్టు, ఇంకో పక్క మనిషినైన నేను. అంటే వాడి జుట్టు ఐదున్నర అడుగుల పైన ఉందని!

దిద్దడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, రెండో పక్క కూడా జుట్టునే పెట్టడం: ‘హిజ్ హెయిర్ ఈజ్ లాంగర్ దాన్ మైన్’. పేరుంటే దానికి అపాస్ట్రఫీ, ఎస్ చేరాలి. ‘హర్ ఐస్ ఆర్ బిగ్గర్ దాన్ హర్ సిస్టర్’ అని కాకుండా ‘దాన్ హర్ సిస్టర్స్’. చెల్లెలు ఒక్కతే అయితే అపాస్ట్రఫీ ఎస్‌కి ముందు, ఇద్దరు ముగ్గురుంటే ఎస్ తర్వాత. పలికితే రెండూ ఒకేలా వినిపిస్తాయి, కాగితం మీదే తేడా తెలుస్తుంది.

రెండో మార్గం నాకు ఎక్కువ ఇష్టం. వాక్యాన్ని జుట్టుతో కాకుండా మనిషితో మొదలుపెట్టండి: ‘హీ హాజ్ లాంగర్ హెయిర్ దాన్ మీ’. ఇప్పుడు ఒక పక్క వాడు, ఇంకో పక్క నేను. ఇద్దరూ మనుషులే. అపాస్ట్రఫీ గొడవే లేదు. మావాడికి ఇది చెప్పగానే “అంతేనా!” అన్నాడు. అక్కడే మిగతావన్నీ కూడా రాయించాను. ‘షీ హాజ్ బిగ్గర్ ఐస్ దాన్ హర్ సిస్టర్.’ ‘మై మదర్ హాజ్ ఎ రౌండర్ ఫేస్ దాన్ మై ఆంట్.’ మీరూ ఇంట్లో వాళ్ళ గురించి ఒక నాలుగు రాసి చూడండి. ‘హాజ్’తో మొదలుపెట్టడం అలవాటైతే సగం తప్పులు వాటంతటవే పోతాయి.

పనిలో పనిగా ఇంకొకటి. తల మీద ఉన్న జుట్టంతా కలిపి ‘హెయిర్’, ఏకవచనమే. ‘హెయిర్స్’ అంటే విడివిడిగా వెంట్రుకలు. ‘షీ హాజ్ లాంగ్ హెయిర్స్’ అని రాస్తే చదివేవాళ్ళకి దువ్వెనలో చిక్కినవి గుర్తొస్తాయి.

ఇదే గోతిలో ఇంకో రెండు వాక్యాలున్నాయి. ‘షీ ఈజ్ టాలర్ దాన్ ఎనీ గర్ల్ ఇన్ హర్ క్లాస్.’ ఆ అమ్మాయి కూడా ఆ క్లాసులోదే కదా, తనకంటే తనే పొడుగు ఎలా అవుతుంది? ‘ఎనీ అదర్ గర్ల్’ అనాలి. రెండోది, ‘వయసు కంటే పెద్దగా కనిపిస్తాడు’ అన్నదాన్ని ‘హీ లుక్స్ ఓల్డర్ దాన్ హిజ్ ఏజ్’ అని రాయడం. మనిషిని వయసనే అంకెతో పోల్చినట్టవుతుంది. ‘హీ లుక్స్ ఓల్డర్ దాన్ హీ ఈజ్’ అంటే శుభ్రంగా ఉంటుంది. చిన్నగా కనిపిస్తే ‘హీ లుక్స్ యంగ్ ఫర్ హిజ్ ఏజ్’, ఇక్కడ ‘దాన్’ అసలే లేదు. ‘ఎల్డర్’ అనే మాటని మాత్రం ‘దాన్’ పక్కన పెట్టకండి. ‘మై ఎల్డర్ బ్రదర్’ అనొచ్చు గానీ ‘ఎల్డర్ దాన్ మీ’ అనకూడదు, అక్కడ ‘ఓల్డర్’ కావాలి.

నాలుగో మెట్టు: ‘అంత’ వాక్యాలు

‘మా చెల్లి నా అంత పొడుగుంటుంది.’ ‘మై సిస్టర్ ఈజ్ యాజ్ టాల్ యాజ్ మీ.’ రెండు ‘యాజ్’లు, మధ్యలో మారని మాట. ‘యాజ్ టాలర్ యాజ్’ ఉండదు. కాదన్నప్పుడు ముందు ‘నాట్’ పెడితే చాలు: ‘షీ ఈజ్ నాట్ యాజ్ టాల్ యాజ్ మీ’. దీన్ని గుర్తుపెట్టుకోండి, మర్యాదకి పనికొస్తుంది. ‘షీ ఈజ్ షార్టర్ దాన్ మీ’ అన్నదాంట్లో పొట్టి అనే మాట మొహం మీద పడుతుంది. ‘నా అంత పొడుగు కాదు’ అని తెలుగులో మెత్తగా ఎలా అంటామో, ఇంగ్లిష్‌లో కూడా ఈ వాక్యం అంత మెత్తనిది. పెళ్ళి సంబంధాల ఉత్తరాల్లో నేను ఇదే సూచిస్తాను.

మావాడి హైటుకి చోటు ఇక్కడుంది. ‘షీ ఈజ్ ది సేమ్ హైట్ యాజ్ మీ.’ ఇలాగే ‘ది సేమ్ కలర్ యాజ్’, ‘ది సేమ్ బిల్డ్ యాజ్’. ‘సేమ్’ ముందు ‘ది’ తప్పనిసరి, వెనక ‘యాజ్’ తప్పనిసరి. ‘సేమ్ లైక్’, ‘సేమ్ టు సేమ్’ మన నోటికి బాగా అలవాటైపోయాయి, రాతలోకి మాత్రం రానివ్వకండి. ‘సిమిలర్’ పక్కన ‘టు’ వస్తుంది, ‘సిమిలర్ లైక్’ లేదు. ‘అలైక్’ అనేది వాక్యం చివర్లో కూర్చునే మాట: ‘ది టూ బ్రదర్స్ లుక్ అలైక్’. ‘అలైక్ బ్రదర్స్’ అని ముందు పెట్టకూడదు. కవలలందరినీ ‘ఐడెంటికల్’ అనడం కూడా సరికాదు. ఒకే అండం నుంచి పుట్టినవాళ్ళకే ఆ మాట.

ఐదో మెట్టు: ‘లా’ వాక్యాలు

ముందు ప్రశ్న సరిగ్గా చదవాలి. మన ‘ఎలా ఉంటాడు?’ అనే ఒక్క ప్రశ్నకి ఇంగ్లిష్‌లో మూడున్నాయి. ‘వాట్ డజ్ హీ లుక్ లైక్?’ అంటే రూపం అడుగుతున్నారు, ఎత్తూ జుట్టూ చెప్పాలి. ‘వాట్ ఈజ్ హీ లైక్?’ అంటే సాధారణంగా స్వభావం అడుగుతున్నారు. ‘హౌ డజ్ హీ లుక్?’ అంటే ఈ పూట ఎలా కనిపిస్తున్నాడు, నీరసంగానా, ఉషారుగానా అని. ‘హౌ ఈజ్ హీ?’ మరీ వేరు, ఆరోగ్యం ఎలా ఉందని. పరీక్షలో ‘వాట్ ఈజ్ యువర్ బెస్ట్ ఫ్రెండ్ లైక్?’ అని అడిగితే పేజీ నిండా ముక్కూ మొహం వర్ణించి వచ్చిన పిల్లల్ని చూశాను. రాసిన వాక్యాలన్నీ తప్పుల్లేనివే, జవాబు మాత్రం వేరే ప్రశ్నకి.

‘లుక్’ అనే మాట వెనక ఏం వస్తుందో చూసుకోండి. గుణం వస్తే నేరుగా: ‘షీ లుక్స్ టయర్డ్’. మనిషో వస్తువో వస్తే ‘లైక్’ కావాలి: ‘షీ లుక్స్ లైక్ హర్ మదర్’. ‘ఏడ్చినట్టుంది’ అని ‘నట్టు’ వస్తే ‘యాజ్ ఇఫ్’ పెట్టి పూర్తి వాక్యం రాయాలి: ‘షీ లుక్స్ యాజ్ ఇఫ్ షీ హాజ్ బీన్ క్రయింగ్’. మాట్లాడేటప్పుడు ఇక్కడ కూడా ‘లైక్’ వేసేస్తారు. రాతలో దాని మీద పెద్ద చర్చే నడిచింది. 1954లో అమెరికాలో విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటనలో ‘యాజ్’ రావాల్సిన చోట ‘లైక్’ పెట్టారని వ్యాకరణం పట్టింపు ఉన్నవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఇప్పుడు అంత పట్టింపు లేదు గానీ, పరీక్షకీ ఆఫీసుకీ ‘యాజ్ ఇఫ్’ మంచిది.

‘లైక్’, ‘యాజ్’ మధ్య తికమక పడేవాళ్ళకి తెలుగులోనే తాళంచెవి ఉంది. ‘వాడు డాక్టర్‌లా తయారవుతాడు’ అంటే వాడు డాక్టరు కాదు. ‘వాడు డాక్టర్‌గా పనిచేస్తున్నాడు’ అంటే డాక్టరే. ‘లా’ ఉన్నచోట ‘లైక్’, ‘గా’ ఉన్నచోట ‘యాజ్’. ‘హీ డ్రెసెస్ లైక్ ఎ డాక్టర్’, ‘హీ వర్క్స్ యాజ్ ఎ డాక్టర్’. ఈ ఒక్కచోట తెలుగు మనకి ఎంత మేలు చేస్తుందో చూడండి. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్ళు బట్టీ పట్టాల్సిన తేడా మన చెవిలో ముందే ఉంది.

‘లుక్స్’కీ ‘ఈజ్ లుకింగ్’కీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి. ఎప్పుడూ ఉండే పోలికకి ‘లుక్స్’. ‘షీ ఈజ్ లుకింగ్ లైక్ హర్ మదర్’ అంటే ఈ రోజు, ఈ చీరలో అలా ఉంది అన్నట్టు. పండగ పూట ‘యూ ఆర్ లుకింగ్ లవ్లీ’ అనడంలో తప్పు లేదు. పుట్టుకతో వచ్చిన రూపానికి వాడితేనే తేడా కొడుతుంది.

ఇక ‘పోలిక’. ‘వాళ్ళ నాన్న పోలికలు వచ్చాయి’ అన్నదాన్ని ‘హీ గాట్ హిజ్ ఫాదర్స్ సిమిలారిటీస్’ అని రాస్తుంటారు. దానికి ఇంగ్లిష్‌లో చక్కటి మాట ఉంది: ‘హీ టేక్స్ ఆఫ్టర్ హిజ్ ఫాదర్’. రక్తసంబంధం ఉన్న పెద్దవాళ్ళ విషయంలోనే దీన్ని వాడాలి. స్నేహితుడి పోలికకి పనికిరాదు. రూపానికీ, గుణానికీ రెండింటికీ సరిపోతుంది. ‘రిజెంబుల్’ వాడితే పక్కన ‘టు’ ఉండదు, ‘ఇంగ్’ కూడా చేరదు: ‘హీ రిజెంబుల్స్ హిజ్ ఫాదర్’. ‘తాతగారి ముక్కు వచ్చింది’ అనడానికి నేను చూసినవాటిలో అన్నిటికంటే తేలికైనది ‘హీ హాజ్ హిజ్ గ్రాండ్‌ఫాదర్స్ నోజ్’. ‘వచ్చింది’ని అనువదించాలని తంటాలు పడక్కర్లేదు.

‘అచ్చు గుద్దినట్టు’, ‘ముమ్మూర్తులా’ అనడానికి ‘ది స్పిటింగ్ ఇమేజ్ ఆఫ్’ ఉంది: ‘షీ ఈజ్ ది స్పిటింగ్ ఇమేజ్ ఆఫ్ హర్ మదర్’. మనం ‘వాళ్ళ నాన్న జిరాక్స్’ అంటాం కదా, ఇంగ్లిష్‌లో ఆ చోట ‘కార్బన్ కాపీ’ అంటారు.

ఆరో మెట్టు: చందమామ మొహం, ఏనుగు నడక

కథలు, కవితలు ఇంగ్లిష్‌లో రాయాలనుకునే మన పిల్లలకి వ్యాకరణం కంటే ఇది ఎక్కువ కష్టం. చంద్రబింబం లాంటి మొహం అంటే మనకి వెన్నెల. అదే ‘షీ హాజ్ ఎ మూన్ ఫేస్’ అని రాస్తే, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాళ్ళకి మొహం ఉబ్బడాన్ని డాక్టర్లు పిలిచే పేరు అదే. గజగమన అని మన కవులు మెచ్చుకున్న నడకని ‘షీ వాక్స్ లైక్ యాన్ ఎలిఫెంట్’ అని రాస్తే ఆవిడ చచ్చినా మీ మొహం చూడదు. కోటేరు ముక్కుని ‘షార్ప్ నోజ్’ అంటే సూదిగా పొడుచుకొచ్చినట్టు తోస్తుంది, ‘ఎ లాంగ్, స్ట్రెయిట్ నోజ్’ అంటే మనసులో ఉన్నది చేరుతుంది. ఇక పెదవుల్ని దొండపండుతో పోలుస్తామా, ఆ పండుని చాలామంది ఇంగ్లిష్ పాఠకులు చూసి కూడా ఉండరు.

అలాగని ఈ ఉపమానాల్ని వదులుకోమని నేను చెప్పను. అవి మన ఆస్తి. ఏ గుణం కోసం పోలుస్తున్నారో ఆ గుణాన్ని పక్కన చెప్పేస్తే సరిపోతుంది. మొహం చంద్రుడిలా ‘గుండ్రంగా’ ఉందా, ‘కాంతిగా’ ఉందా? ‘హర్ ఫేస్ వాజ్ యాజ్ బ్రైట్ యాజ్ ఎ ఫుల్ మూన్’ అన్నప్పుడు ‘బ్రైట్’ అనే మాట చదివేవాళ్ళ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఏనుగు నడకలో మనం మెచ్చుకునేది తొందర లేని హుందాతనం. ‘స్లో అండ్ స్టేట్లీ, లైక్ ఎ టెంపుల్ ఎలిఫెంట్’ అంటే ఆ ఏనుగుకీ, ఆ మనిషికీ గౌరవం దక్కుతుంది.

ఇంకొన్ని మాటలు చూడ్డానికి ఇంగ్లిష్, మనసు మాత్రం మనది. ‘హోమ్లీ’ అలాంటిదే. పెళ్ళి ప్రొఫైల్లో ఇంటిపట్టున ఉండే, కలుపుగోలు అమ్మాయి అనే అర్థంలో రాస్తాం. అమెరికా ఇంగ్లిష్‌లో ఆ మాటకి అర్థం చూడ్డానికి అంత బాగుండదని. అమెరికా సంబంధానికి పంపే ప్రొఫైల్లో ఈ మాట చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ‘స్మార్ట్’ అంటే మనకి అందగాడు, వాళ్ళకి తెలివైనవాడు లేదా చక్కగా తయారైనవాడు. ఒళ్ళు చేసినవాళ్ళని ‘హెల్తీ’ అంటాం, అక్కడ అది ఆరోగ్యమే. చామనఛాయకి వాడే ‘వీటిష్’ మన దేశం దాటితే చాలామందికి తెలియదు. సన్నదనంలో కూడా మెట్లున్నాయి: ‘స్లిమ్’ మెప్పు, ‘థిన్’ మామూలు, ‘స్కిన్నీ’ కాస్త ఎత్తిపొడుపు. ‘స్లిమ్మర్ దాన్ హర్ సిస్టర్’ అని రాస్తే చెల్లెలు నొచ్చుకోదు గానీ, ‘స్కిన్నియర్’ అని రాస్తే అక్క నొచ్చుకుంటుంది.

రంగు మాట విడిగా చెప్పాలి. ‘ఫెయిరర్ దాన్’ వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ ఇద్దరు మనుషుల్ని చర్మం రంగుతో పోల్చే వాక్యం ఎందుకు రాస్తున్నామో ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన క్రీము పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో అండ్ లవ్లీ’ అని మార్చింది. దశాబ్దాలుగా ఇంటింటా వినిపించిన పేరది. మాట బరువు ఎంత మారిందో దాన్నిబట్టే తెలుస్తుంది. మావాణ్ణి అడిగాను, “నీ స్నేహితుడు నీకంటే కొంచెం రంగు అని చెబితే ఆయన మిమ్మల్ని ఎలా గుర్తుపడతాడురా?” అని. కాసేపు ఆలోచించి ఆ వాక్యం తనే కొట్టేశాడు.

ఏడో మెట్టు: కొలత ముందు, పోలిక తర్వాత

చివరికి మెయిల్ ఇలా తయారైంది. ‘ఐ యామ్ 173 సెంటీమీటర్స్ టాల్ అండ్ థిన్, అండ్ ఐ విల్ బీ వేరింగ్ ఎ రెడ్ జాకెట్. మై ఫ్రెండ్ ఈజ్ ఎబౌట్ 7 సెంటీమీటర్స్ టాలర్ దాన్ మీ అండ్ మచ్ మోర్ మస్క్యులర్. హీ హాజ్ లాంగర్ హెయిర్ దాన్ మీ. ఇట్ కమ్స్ డౌన్ టు హిజ్ షోల్డర్స్. ఐ లుక్ ది సేమ్ యాజ్ ఐ డూ ఇన్ ది అటాచ్డ్ ఫోటో, బట్ ఐ నౌ హావ్ ఎ బియర్డ్.’

మొదటి వాక్యంలో ఒక్క పోలిక కూడా లేదు చూడండి. అది కొలత. ఇప్పుడు ‘టాలర్ దాన్ మీ’కి ఓనరు దగ్గర ఆధారం ఉంది. జుట్టు విషయంలో కూడా పోలిక వెంటనే భుజాల దాకా అని కొలత వచ్చింది. ఐదడుగుల ఎనిమిది అని రాసినా తప్పు కాదు, ఐర్లాండ్‌లో అడుగుల లెక్క కూడా తెలుసు. సెంటీమీటర్లయితే పోల్చి చెప్పడం తేలిక, అందుకే అలా రాయించాను. పంపేముందు వాడిచేత ‘దాన్’ ఉన్న ప్రతి చోటా వేలు పెట్టించి, అటు ఏముంది, ఇటు ఏముంది అని పైకి చెప్పించాను. వాడు, నేను. వాడు, నేను. రెండు చోట్లా మనిషికి మనిషే ఉన్నాడు.

గంటలో జవాబు వచ్చింది. ‘ది టాలర్ ఆఫ్ ది టూ’ తన కారులో ముందు సీట్లో కూర్చోవాలని, వెనక సీట్లో కాళ్ళు పట్టవని అందులో రాశాడు. మావాడు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వంటింట్లోకి వచ్చాడు. “పెద్దమ్మా, ఇక్కడ ‘దాన్’ లేదేంటి? ‘టాలెస్ట్’ కదా ఉండాలి?” ముగ్గురో, అంతకంటే ఎక్కువ మందో ఉంటేనే ‘టాలెస్ట్’. ఉన్నది ఇద్దరే అయితే, ఇద్దరిలో పొడుగువాడు అనడానికి ‘దాన్’ అక్కర్లేదు. ‘టాలర్’ ముందు ‘ది’ పెట్టి, వెనక ‘ఆఫ్ ది టూ’ అంటే చాలు.